నిర్జన యంత్రశాల ఎవరి చిత్రం?

మనుషులు లేని కార్ఖానాలను, కార్యాలయాలను, గ్రంథాలయాలను ఛాయాచిత్రాలుగా తీసి ప్రదర్శనశాలల్లో ఉంచే కళ నేడు ప్రపంచమంతటా మన్నన పొందుతున్నది. జర్మనీకి చెందిన కాండిడా హోఫర్ ఇందులో ప్రసిద్ధురాలు. ఆమె 1970 దశకంలో జర్మనీకి వలసవచ్చిన తుర్కీ శ్రామికులను వారి ఇళ్లలోనూ దుకాణాలలోనూ చిత్రించారు. ఆ తరువాతనే ఆమె కెమెరా నిర్జన మందిరాల వైపు మళ్లింది. మన దేశంలో దయానితా సింగ్ దస్తావేజుల గదులను చిత్రించి 2013లో ‘ఫైల్ రూమ్’ అనే గ్రంథంగా వెలువరించారు. కట్టలు కట్టిన కాగితాల బీరువాలు తపాలా, రైల్వే ఉద్యోగులకు కొత్తవి కావు. ఆ కట్టలు కట్టిన చేతులు ఎవరివో కూడా మనకు తెలుసు.

ఈ కళను సూరత్ మరమగ్గాల షెడ్డులో నిలబెట్టి పరీక్షించుదాం. తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా మగ్గాలు నడుపుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నెలకొల్పవలసినంతగా మనవారు అక్కడ స్థిరపడినారు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు దిబ్బళ్లు పడే మోత, మగ్గానికీ మగ్గానికీ నడుమ మనిషి ఒరిగి నడవవలసిన ఇరుకు – ఇదే ఆ షెడ్డు స్వరూపం. మనిషిని తొలగించి తీసిన చిత్రంలో మోత వినిపించదు, ఇరుకు తెలియదు. మిగిలేది ఇనుము, వెలుతురు, వరుసల పొందిక మాత్రమే.

అంతమాత్రాన నిర్జన చిత్రాన్ని నిరసించవలసిన పని లేదు. ఫిర్యాదు చేసే కార్మికుని ముఖం చిత్రంలో కనబడితే అతని ఉద్యోగానికే ముప్పు రావచ్చు. మూటలు అడ్డుపెట్టిన ద్వారాన్ని, కిటికీ లేని గోడను, కప్పులేని విద్యుత్ తీగను ఖాళీ షెడ్డు చిత్రం నిర్భయంగా చూపగలదు. పైగా షెడ్డు ఎందుకు ఖాళీ అయినదన్నదే కొన్నిసార్లు అసలు వార్త. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలై సూరత్ మగ్గాలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో వలస కార్మికులు తమను స్వస్థలాలకు పంపమని ఆ నగర వీధుల్లోకి వచ్చారు. మే 1న తొలి శ్రామిక్ స్పెషల్ లింగంపల్లి నుండి హటియాకు బయలుదేరింది. దానిని నడిపినవారు మన రైల్వే సోదరులే. ఆనాటి షెడ్డు చిత్రం క్రింద తేదీ లేకపోతే చూపరికి అది ప్రశాంతంగా తోచవచ్చు. తేదీ ఉంటే అది సాక్ష్యమవుతుంది.

వరంగల్లు అజంజాహి మిల్లు 1934లో ఆరంభమై 2002లో మూతబడింది. సెలవునాటి ఖాళీకీ, మూసివేత తరువాతి ఖాళీకీ గల భేదాన్ని కెమెరా తనంతట తాను చెప్పలేదు. ఆ భేదం చెప్పవలసినది చిత్రం క్రింది వాక్యం.

కనుక కళాకారులను మనం కోరదగినది స్వల్పమే. స్థలం పేరు, తేదీ, అక్కడ పనిచేసే లేక పనిచేసిన వారి సంఖ్య, చిత్రం తీసిన వేళ వారు లేకపోవడానికి కారణం – ఈ నాలుగు విషయాలు చిత్రంతోపాటు ప్రకటించాలి. దానివల్ల కళకు కలిగే లోటేమీ లేదు.

ఈ బాధ్యత కళాకారులతోనే తీరదు. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ రాకతో లీవర్ కేబిన్లు తాళాలు వేసుకుంటున్నాయి. ఆర్.ఎమ్.ఎస్. సార్టింగ్ కార్యాలయాలు ఒకదానిలో ఒకటి విలీనమవుతున్నాయి. అటువంటి గది ఖాళీ అయ్యే ముందు ప్రతి శాఖా సంఘమూ దానిని చిత్రించి, లీవర్లు లాగినవారి, ఉత్తరాలు వేరుచేసినవారి పేర్లను వారి సమ్మతితో నమోదు చేసి భద్రపరచాలి. తాళం పడిన తరువాత గదిని ఎవరైనా చిత్రించగలరు. అందులో ఎవరు నిలబడి పనిచేశారో వ్రాయగలవారు మాత్రం మనమే.