ఏ తూటా కొంటావు బాబాయ్?

పల్లె మాట – 23



పోయిన ఆదివారం మా అన్న కొడుకు హాస్టల్ నుంచి నాదెండ్ల వచ్చాడు. అన్నం తింటా తింటా ఉన్నట్టుండి అడిగాడు: "బాబాయ్, నీకు తుపాకి లైసెన్స్ వస్తే ఏ తూటా కొంటావు? ప్రాక్టీసుకి ఒక రకం, ఇంట్లో పెట్టుకోడానికి ఇంకో రకం కొనాలంట గదా?" మా వదిన చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. "నీకెందుకురా ఆ మాటలు" అంది. నేను నవ్వి మాట మార్చా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా. వాడు అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నా, అది పక్కన పెట్టి వాడికే జవాబు రాస్తున్నా.

నేను లైసెన్సుకి అర్జీ పెట్టిన సంగతి మీలో కొందరికి తెలుసు. మన శ్మశానం గట్టు దున్నేసుకున్న గొడవలో నిలబడ్డప్పుడు రెండు రాత్రులు మా ఇంటి ముందు బండ్లు వచ్చి ఆగినయ్. ఎవరూ దిగలేదు, ఎవరూ తిట్టలేదు. లైట్లు మా తలుపు మీద వేసి కాసేపుండి పోయారు. అంతే. పిల్లలు ఇప్పటికీ బండి చప్పుడైతే లేచి కూచుంటారు. అప్పుడు పెట్టా అర్జీ. ఏడాది దాటింది. ఇస్తామనరు, ఇవ్వమనరు. పోయినప్పుడల్లా "రిపోర్టు రావాలండీ" అంటారు.

మా ఇంట్లో తుపాకి కొత్త కాదు. మా తాత తుపాకి మోసేవాడు. తన తుపాకి కాదు, ఆసామిది. రెండు గొట్టాల పన్నెండు బోర్. చెరువు మీద పిట్టలు కొట్టడానికి ఆసామి పోతే సంచి, తుపాకి మా తాత భుజాన. పిట్ట పడితే చలిలో నడుం లోతు నీళ్ళలో దిగి తెచ్చేది మా తాత. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ వేటలు పోయినయ్. మా నాన్న చిన్నప్పుడు ఆ పేలిన ఖాళీ తూటాలు ఏరుకొచ్చుకుని ఇత్తడి అడుగు రాయి మీద రుద్ది మెరిపించేవాడంట. మూడు తరాల్లో మాకు చేరింది ఆ ఖాళీ డొప్పలే. తుపాకి మొయ్యొచ్చు, తుడవొచ్చు. గురి పెట్టగూడదు.

సరే, ఒరేయ్ నాన్నా, నువ్వడిగిందానికి వస్తా.

పన్నెండు బోర్ అంటే ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అని. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో చేసే శక్తిమాన్ తూటాలు. తూటాలో ఒక గుండు ఉండదు, చిన్న చిన్న సీసపు గుళ్ళుంటయ్. నంబరు పెరిగే కొద్దీ గుళ్ళు సన్నమవుతయ్. ఎనిమిదో నంబరులో ఒక్కోటి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, ఒక తూటాలో మూడొందలకు పైనే ఉంటయ్. గాల్లో ఎగిరే మట్టి పళ్ళేలు కొట్టే ఆటకి ఇట్లాంటివే వాడతారు. అంతర్జాతీయ పోటీల్లో గుళ్ళ బరువు ఇరవైనాలుగు గ్రాములు దాటకూడదని, గుళ్ళు 2.6 మిల్లీమీటర్లకు మించకూడదని నిబంధన. ఎస్.జి. అని, ఎల్.జి. అని ఇంకోరకం ఉంటయ్. ఎస్.జి. గుండు ఎనిమిది మిల్లీమీటర్ల పైన, తూటాకి ఎనిమిదో తొమ్మిదో. ఎల్.జి. ఇంకా లావు. ఇంటి కాపలాకని షాపులో చూపించేవి ఈ పెద్ద గుళ్ళే.

ఇక్కడే సినిమా మాట ఒకటి తీసెయ్యాలి. "షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, పేలిస్తే గదంతా చల్లేస్తుంది" అంటారు. అబద్ధం. పది పన్నెండు అడుగుల గదిలో ఆ గుళ్ళన్నీ ఇంకా ఒక ముద్దగానే పోతయ్, మహా అయితే గుప్పెడంత వెడల్పు. గురి తప్పితే తప్పినట్టే. తప్పిన ముద్ద ఎక్కడికి పోతుంది? అసలు ప్రశ్న అది.

అమెరికాలో తూటా గురించి రాసేవాళ్ళు ఇంటి చుట్టూ ఖాళీ జాగా, నాలుగు పడక గదులు ఉన్నవాడికి రాస్తారు. మన పల్లె ఎట్లా ఉందో నీకు తెలుసు. మా ఇంటి పడమటి గోడా, పక్కింటి తూర్పు గోడా ఒకటే గోడ. ఎదురుగా ఎనిమిది అడుగుల సందు, సందు అవతల రేకుల పంచలో ముసలమ్మ మంచం. ఎస్.జి. గుళ్ళకి రేకు, చెక్క తలుపు, తాటాకు దడి, కిటికీ ఇవేమీ అడ్డు కావు. నేను తలుపు దగ్గర నిలబడి సందులో ఉన్నవాడి మీద పేలిస్తే, వాడు పక్కకి జరిగితే, ఆ గుళ్ళు పోయేది ముసలమ్మ మంచం మీదికి. చిన్న గుళ్ళు పెడితే గోడ అవతలికి పోవడం తగ్గుద్ది, నిజమే. కానీ అంత దగ్గర్లో అవీ మనిషిని చంపుతయ్. ఊరి మధ్యలో రెండంతస్తుల ఇంటికి పనికొచ్చే తూటా లేదని కాదు. పల్లెకి పనికొచ్చే తూటా మాత్రం ఇంతవరకు ఎవరూ చెయ్యలా. మనల్ని ఊరి చివర ఒకరి మీద ఒకరం పడేట్టు కట్టించిన వాళ్ళు తుపాకి సంగతి ఆలోచించి కట్టించలేదులే, అయినా లెక్క అట్లాగే కుదిరింది.

ఇంకో మాట చెప్పక తప్పదు. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే డాక్టరు, ఆయన బృందం అమెరికాలో ఇళ్ళల్లో జరిగిన హత్యల మీద ఒక పరిశోధన అచ్చేశారు. తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం దాదాపు 2.7 రెట్లు ఎక్కువని తేలింది. చంపింది ఎక్కువగా బయటి దొంగ కాదు, ఇంట్లోవాళ్ళో తెలిసినవాళ్ళో. ఆ లెక్కల మీద వాదాలు నడుస్తూనే ఉన్నయ్. కానీ నాకు అమెరికా దాకా పోవాల్సిన పని లేదు. మన కౌలు రైతుల ఇళ్ళల్లో మిరపకి కొట్టే పురుగుమందు డబ్బా ఉంటుంది. ఆ డబ్బా ఎన్ని ఇళ్ళల్లో ఎవర్ని తీసుకుపోయిందో పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పు పెరిగిన రాత్రి ఆ డబ్బా పక్కన తుపాకి కూడా ఉంటే? తాగొచ్చి భార్యని కొట్టేవాడి చేతికందేట్టు ఉంటే? మన ఇళ్ళల్లో అట్లాంటి మగాళ్ళు లేరని నేను అనలేను.

"అయితే వద్దంటావా బాబాయ్?" అంటావు. ఆగు.

చుండూరు చూద్దాం. 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపారు. ఇళ్ళల్లో కాదు. పోలీసులు వస్తున్నారు, పారిపొండి అంటే మగవాళ్ళు పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు. అక్కడ కాచుకుని ఉన్నారు గొడ్డళ్ళతో, బరిసెలతో. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. ఊళ్ళో అప్పుడు పోలీసులున్నారు, తుపాకులున్నయ్, ప్రభుత్వం తూటాలున్నయ్. మన ఇంటి అటక మీద ఒక పన్నెండు బోర్ ఉంటే ఆ రోజు ఏం చేసేది? అంతకు ముందు కారంచేడు, 1985 జూలై 17. ఆరుగురు. మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. మున్నంగి సువార్త చేతిలో ఉన్న ఆయుధం బిందె. ఆ బిందె ఎత్తినందుకే పల్లె మీద పడ్డారు.

కారంచేడు తర్వాత మన పెద్దలు తుపాకి అడగలేదు. చీరాల శిబిరంలో కూచున్నారు, దళిత మహాసభ పెట్టారు, కేసులు పట్టుకుని తిరిగారు. చుండూరు వాళ్ళు తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ చివరి వాక్యం చదివే గదా మన కుర్రాళ్ళు "కోర్టులో ఏముంది, తూటా సంగతి చెప్పు" అనేది. ఆ కోపాన్ని తప్పంటే నేను పెద్దమనిషినవుతా, నిజం చెప్పినవాణ్ణి కాను.

నల్లజాతి వాళ్ళు ఈ దారిలో మనకంటే ముందు నడిచారు. ఐడా బి. వెల్స్ 1892లోనే, మూకలు కొట్టి చంపుతుంటే, ప్రతి నల్లవాళ్ళ ఇంట్లో రైఫిల్‌కి గౌరవస్థానం ఉండాలని రాసింది. 1964లో లూసియానాలో డీకన్స్ ఫర్ డిఫెన్స్ అని పెట్టి ఉద్యమకారుల ఇళ్ళకి రాత్రుళ్ళు కాపలా కాశారు. అది పనిచేసింది కూడా. ఎందుకు? తుపాకి అక్కడ ఇద్దరికీ షాపులో దొరికేది. మన దగ్గర తుపాకికి ముందు కాగితం, కాగితానికి ముందు స్టేషను, స్టేషనుకి ముందు కులం.

ఇప్పుడు చట్టం చెబుతా, రాసుకో. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం 1989ది. దాని రూల్స్ 1995లో వచ్చినయ్. మూడో రూల్ తెరువు. అత్యాచారం జరిగే అవకాశం ఉన్న ప్రాంతాన్ని ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ళ ఆయుధ లైసెన్సులు, వాళ్ళ దగ్గరి బంధువులవి, పనివాళ్ళవి కూడా రద్దు చేసి ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి, తయారీ ఆపాలి. ఆ తర్వాత, అవసరమనుకుంటే, ఎస్సీ, ఎస్టీలకి లైసెన్సులివ్వాలి. వరస చూశావా? ముందు వాళ్ళది దించాలి, తర్వాత మనకివ్వాలి. మనవాళ్ళు సభల్లో చివరి ముక్క ఒక్కటే పట్టుకుని "మాకు తుపాకులివ్వండి" అంటారు. టీవీల వాళ్ళకీ అదే కావాలి, బాగా మోగుద్ది. నాకు కావలసింది మొదటి ముక్క.

అది జరగని పనా? ఎన్నికలొస్తే ఏం చేస్తున్నారు? లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయిస్తున్నారు. 2024 మే ఎన్నికల గొడవల్లో పల్నాడులో 144 పెట్టారు, సీసాల్లో పెట్రోలు పొయ్యొద్దని బంకుల వాళ్ళకి చెప్పారు. నాటు బాంబుల కోసం ఊళ్ళకి ఊళ్ళు వెతికారు. ఓట్ల కోసం దింపగలిగిన తుపాకి, ఒక పల్లె భయపడితే ఎందుకు దించలేరు? శ్మశానం గొడవ జరిగిన ఊళ్ళో ఎవరి అటక మీద ఏముందో స్టేషను రిజిస్టర్లో ఉంది. ఒక్క సంతకం పని.

కారంపూడి వీర్ల గుడి ఉత్సవాలకి పోయావు గదా. ఐదు రోజులు కన్నమదాసు పేరు ఎంత గొప్పగా చెబుతారు! బ్రహ్మనాయుడు మాలవాణ్ణి సేనాని చేశాడని, చాపకూడు పెట్టాడని. నిజమే, గర్వంగానే ఉంటుంది, నేనూ ప్రతి కార్తీకంలో పోతా. ఆ కత్తికి దణ్ణం పెట్టే చేత్తో కన్నమదాసు మనవడి అర్జీ మీద సంతకం పెట్టడానికి ఏడాది చాలదు.

అర్జీ వెనక్కి తీసుకోను. కారణం తూటా కాదు. ఆయుధాల చట్టం 1959లో 14వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ కాదంటే కారణం రాతలో నమోదు చెయ్యాలి, అడిగితే ఇవ్వాలి. 18 ప్రకారం దాని మీద అప్పీలుంది. పోలీసు రిపోర్టు గడువులోపు రాకపోతే దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకునే వీలు కూడా 13లో ఉంది. నాకు ఆ "కాదు" కాగితం కావాలి. మా ఇంటి ముందు బండ్లు ఆగినయ్ అని నేను చెబితే నమ్మలేదో, నమ్మీ ఇవ్వలేదో, అధికారి చేత రాయించాలి. వస్తే? వస్తే ఆ తుపాకి ఇంట్లో పెట్టను, అది మీ అమ్మకి మాటిచ్చా. డీలరు దగ్గర డిపాజిట్ చేస్తా. నువ్వు నవ్వుతున్నావని తెలుసు.

ఇంకోటి. నిజంగా పేల్చామే అనుకో. ఆత్మరక్షణ హక్కు కొత్త న్యాయసంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. పుస్తకంలో బాగుంది. మనం అట్రాసిటీ కేసు పెడితే తెల్లారేసరికి కౌంటర్ కేసు పడే చోట, వాడి ఒంట్లో మన లైసెన్సు తూటా దొరికితే ఎవరి కేసు ముందు నడుస్తుంది? లైసెన్సు నంబరుతో సహా సాక్ష్యం మనమే ఇచ్చినట్టు.

ప్రాక్టీసు సంగతి అడిగావు గదా, అది మాత్రం వేరు. ఆట నేర్చుకో, నేను వద్దనను. మన హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ 2023 ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్‌తో బంగారు పతకం తెచ్చాడు. పోటీలో ఒక్కో షూటర్ క్వాలిఫికేషన్‌కే 125 పళ్ళేలు కొట్టాలి. ప్రాక్టీసు ఒక పూటకి వంద తూటాలు ఇట్టే అయిపోతయ్. మిరపకాయలు కోసే మీ అమ్మ కూలితో ఆ లెక్క వేసి చూడు, ఆ ఆటలో మన పేర్లు ఎందుకు వినపడవో అర్థమవుద్ది. గచ్చిబౌలి షూటింగ్ రేంజి ఉండేది సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే, మన గుంటూరు పిల్లాడు రోహిత్ చదివిన చోటే. స్కాలర్‌షిప్ ఆగితే బతుకు ఆగే పిల్లలూ, తూటాకి వెనకాడని పిల్లలూ ఒకే గేటులోంచి పోతుంటారు. ఎస్సీ కార్పొరేషన్ నిధుల్లో క్రీడలకి తూటాల ఖర్చు అడిగితే నవ్వుతారేమో. అడుగుదాం, నవ్వనీ.

సోమవారం నేను రెండు ఆర్టీఐ దరఖాస్తులు వేస్తున్నా. ఒకటి: 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఎన్ని ఆయుధ లైసెన్సులు ఇచ్చారు, రెన్యువల్ చేశారు, వాటిలో ఎస్సీ, ఎస్టీలకి ఎన్ని. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. రెండు: మూడో రూల్ కింద జిల్లాలో ఏ ఊళ్ళు గుర్తించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు. మాచర్ల, గురజాల, సత్తెనపల్లి వైపు వాళ్ళు మీ మీ మండలాల పేరుతో ఇవే వెయ్యండి. మా వాడికి నకలు తీసే పని అప్పజెప్పా, ఫార్మాట్ కావలసినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, వాడే పంపుతాడు.