సముద్రం కాడ కూడా పొయ్యేనా?

"అక్కడ వంట ఎవరు చేస్తరు?"

సముద్రం చూడడానికి పోదామని చెప్పగానే మా అత్తమ్మ అడిగిన మొదటి మాట ఇది. ఎంత దూరం, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని అడగలేదు. అరవై ఆరేళ్ల మనిషి. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి మోకాళ్లు మొరాయించేదాకా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసింది. ధర్మపురిలో, కాళేశ్వరంలో గోదావరి మునక తప్ప పెద్ద నీళ్లు ఎరగదు. సాయంత్రం పూట మానేరు డ్యాం కట్ట మీదికి తీసుకుపోతే, "సముద్రం గిట్లనే ఉంటదారా?" అని మా పిల్లల్ని అడిగేది.

ఆమె ప్రశ్నకు మా ఆయన ఉత్సాహంగానే జవాబిచ్చారు. "రూములనే చిన్న వంటగది ఉంటదట అవ్వా. బియ్యం, పప్పు మనమే పట్టుకపోదాం. హోటల్ ఖర్చు తప్పుతది."

"అయితే మీరు పోయి రార్రి. పొయ్యి కాడ కూసునేదానికి గంత దూరం ఎందుకు? గా పొయ్యి ఈడ లేదా?" అన్నది ఆమె.

నేను ఇరవై ఏళ్లుగా అనాలనుకుని అనలేని మాట ఆమె ఒక్క ముక్కలో అనేసింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. తక్కువ ఖర్చుతో సముద్రం ఒడ్డున రెండు రోజులు ఉండడం మనలాంటి ఇళ్లకు సాధ్యమే. కానీ ఆ తక్కువ ఖర్చు ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీద పడకూడదు. నా అభిప్రాయం ఇదే.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి విశాఖపట్నం పోయాం. మూడు రాత్రులు. సముద్రం దగ్గరే అని చెప్పిన గది నుంచి సముద్రానికి ఆటో ఎక్కాల్సి వచ్చింది. గదిలో ఒక గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు ఉన్నాయి. ఇంకేం, పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, రాత్రికి మళ్లీ అన్నం. గిన్నెలు కడిగి, పిల్లల ఇసుక బట్టలు ఉతికి ఆరేసే సరికి పొద్దు వాలేది. మావాళ్లు ఆర్కే బీచ్ చూశారు, కురుసుర జలాంతర్గామి లోపలికి పోయి వచ్చారు, కైలాసగిరి ఎక్కారు. నేను మూడు రోజుల్లో సముద్రం ముందర కూర్చున్నది అంతా కలిపితే రెండు గంటలు కూడా ఉండదు. ఇంటికొచ్చాక అందరూ, "తక్కువల అయిపోయింది" అని సంతోషపడ్డారు. ఎవరి కష్టం మీద తక్కువైందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, అది నా తప్పే.

యాత్రల్లో వండుకోవడం మనకు కొత్త కాదు కదా అని మీరు అనవచ్చు. నిజమే. వేములవాడ పోతే వండుకుంటాం, మేడారం పోతే చెట్ల కింద పొయ్యి రాజేస్తాం. కానీ అక్కడ వంట మొక్కులో భాగం. ఒకరు కట్టెలు తెస్తారు, ఒకరు నీళ్లు మోస్తారు, మగవాళ్లు మాంసం కోస్తారు, పదిమంది ఆడవాళ్లు మాట్లాడుకుంటూ వండుతారు. లాడ్జి గదిలో ఒక్కతే నిలబడి పప్పుకు తాలింపు పెట్టడం అలాంటిది కాదు. అది ఇంటి పనే, కాకపోతే తెలియని గిన్నెలతో.

అందుకని ఈసారి లెక్క నేను రాశాను. మూడు రాత్రులు పొయ్యితో ఉండేకంటే రెండు రాత్రులు పొయ్యి లేకుండా ఉండడం మేలు అనుకున్నాను. ఒక రాత్రి గది అద్దె మిగిలితే దాంతో అందరి భోజనాలు చాలావరకు వెళ్లిపోతాయి. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు.

రెండోది, దూరం తగ్గించాను. కరీంనగర్ నుంచి విశాఖ 600 కిలోమీటర్లు దాటుతుంది. బాపట్ల సుమారు 350. అక్కడి నుంచి సూర్యలంక తీరం తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. వరంగల్ దాకా బస్సు, అక్కడి నుంచి విజయవాడ, తెనాలి మీదుగా రైలు. ఆదిలాబాద్ వైపు వాళ్లకు తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉంది. చుట్టు తిరిగి పోయినా బండి మారే పని లేకుండా బాపట్ల, చీరాల మీదుగానే పోతుంది. చీరాలలో దిగితే వాడరేవు తీరం ఇంకా దగ్గర. పగటి రైలు ఎక్కితే మధ్యాహ్నం దాటాక దిగుతాం, గది తాళం ఇచ్చే వేళకు సరిపోతుంది. రాత్రి బండి దిగి, తెల్లవారుజామున సామాన్లతో పన్నెండు గంటలదాకా ముసలివాళ్లను కూర్చోబెట్టడం కంటే ఇది నయం.

మూడోది, రోజులు మార్చాను. శని, ఆదివారాల్లో గదుల ధరలు ఎక్కువ. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు సూర్యలంకలో ఇసుక వేస్తే రాలనంత జనం. దసరా, సంక్రాంతి సెలవులకూ అంతే. అక్టోబర్, నవంబర్‌లో తక్కువకు దొరికినా తుఫాన్ల భయం ఉంటుంది. 1977 దివిసీమ ఉప్పెన నవంబర్‌లో వచ్చింది, 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ అక్టోబర్‌లో వచ్చింది. మే నెల ఎండకు ముసలివాళ్లు, పిల్లలు తట్టుకోలేరు. అందుకే సంక్రాంతి రద్దీ తగ్గాక ఒక ఆదివారం బయలుదేరి మంగళవారం తిరిగొచ్చాం. పిల్లలకు బడి రెండు రోజులు పోయింది. దానికి ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది. నాయనమ్మతో సముద్రం చూడడం కూడా చదువే అని నేను వాదించాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఇక డబ్బుల సంగతి. నెలకు 1,500 చొప్పున 12 నెలలు పక్కన పెట్టాను, 18,000 అయింది. ఐదుగురికి రెండు రాత్రులకు అయిన ఖర్చు ఇది. కింది అంతస్తులో పెద్ద గది, అదనపు పరుపుతో సహా రోజుకు 3,000, రెండు రోజులకు పన్నుతో కలిపి 6,300. రైలు స్లీపర్ రానూపోనూ 2,500. వరంగల్ బస్సు 500. ఆటోలు 1,200. భోజనాలు, టిఫిన్లు, చాయలు 5,000. చిల్లర ఖర్చులు 1,500. మొత్తం 17,000.

బస్సు ఖర్చు అంత తక్కువా అంటే, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ చూపిస్తే అత్తమ్మకు, నాకు, అమ్మాయికి జీరో టికెట్. మా ఆయనకు, అబ్బాయికి మాత్రమే కొన్నాం. ఆంధ్రలోని స్త్రీశక్తి పథకం అక్కడి మహిళలకే, మనకు వర్తించదు. రైల్లో పెద్దవాళ్లకు ఇచ్చే రాయితీని 2020 మార్చిలోనే తీసేశారు కాబట్టి అత్తమ్మకూ పూర్తి టికెట్టే. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర గుండ్రం చుట్టి పెట్టుకుంటే కింది బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ.

గది పన్ను సంగతీ తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు ఇచ్చినప్పుడు ఆ అంకె చూసుకోండి.

గది కుదుర్చుకునే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. విశాఖలో దెబ్బ తిన్నాక నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. "సీ వ్యూ" అంటే డాబా మీది నుంచి కనిపించినా అదే అంటారు, కాబట్టి గేటు నుంచి ఇసుక దాకా ఎన్ని అడుగులు అని అడగాలి. మ్యాపులో మనం కూడా చూసుకోవాలి. కింది అంతస్తులో గది ఉందా, బాత్రూములో కూర్చునే కమోడ్ ఉందా అని మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో తప్పక అడగాలి. తీరం దగ్గర కొన్నిచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, స్నానానికి మంచినీళ్లు వస్తాయా అని అడగాలి. పొద్దుటి టిఫిన్ అద్దెలో కలిసి ఉందా, అదనపు పరుపుకు ఎంత, కరెంటు పోతే జనరేటర్ ఉందా అన్నవి కూడా. సూర్యలంకలో ఆంధ్ర పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది, ప్రైవేటు బసలూ ఉన్నాయి. ఏదైనా సరే, ఎక్కడో కనిపించిన నంబరుకు అడ్వాన్సు పంపేయకండి. హోటళ్ల పేరుతో దొంగ వెబ్‌సైట్లు ఉంటున్నాయి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వంట లేదంటే ఇంటి నుంచి ఏమీ పట్టుకుపోవద్దని కాదు. మొదటి రోజు రైల్లోకి సర్వపిండి, పులిహోర చేశాను. సకినాలు, అటుకుల చుడువ డబ్బాల్లో పోశాం. చుడువ కలిపింది మా అబ్బాయి. సాయంత్రం ఆకలికి అవే సరిపోయాయి కాబట్టి బజ్జీలకూ చిప్స్‌కూ డబ్బులు పోలేదు. మధ్యాహ్నం మాత్రం మెస్సులో కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నాం. వడ్డించేవాళ్లు వేరే ఉన్నారు. అత్తమ్మ మొదటి పూట రెండుసార్లు లేవబోయి మళ్లీ కూర్చున్నది.

ఒక్క విషయంలో మాత్రం ఎంత పొదుపు మనిషైనా రాజీ పడకూడదు, అది జాగ్రత్త. మన పిల్లలకు కాలువలు, చెరువులు తెలుసు, సముద్రం తెలియదు. ఒడ్డున అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి. పిల్లలు అక్కడే బాగుందనుకుంటారు. చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. ఆ లాగుడుకు ఎదురుగా ఒడ్డుకు ఈదితే అలసిపోతారు. ఒడ్డుకు సమానంగా పక్కకు జరిగి బయటపడాలి. ఈత వచ్చినవాళ్లయినా సరే, సూర్యలంకలో, వాడరేవులో ప్రాణాలు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. మేము మోకాలి లోతు అని ముందే హద్దు పెట్టాం. పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్నచోటే దిగాం. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ చూడకుండా నిలబడాలన్నది నియమం. ఆ డ్యూటీ మా ఆయనది.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. లెక్క కాగితం చూసి మొదట, "సముద్రం ఏడికి పోతది? ఇంకో ఏడు ఆగి, పైసలు బాగా ఉన్నప్పుడు పోదాం" అన్నారు. సముద్రం ఎక్కడికీ పోదు. అత్తమ్మ మోకాళ్లే పోతున్నాయి. ఆమె ఇసుకలో పది అడుగులు నడవగలిగే ఏళ్లు ఎన్ని మిగిలాయో చెప్పండి అని అడిగాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మరునాడు రైలు టికెట్ల సంగతి ఆయనే చూశారు.

రెండో రోజు పొద్దున ఇంకా చీకటి ఉండగానే అత్తమ్మ లేచి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది. సూర్యుడు నీళ్లలోంచి వచ్చేదాకా చూసింది. అక్కడి పనిపిల్లవాడు చాయ తెచ్చి ఇచ్చాడు. తాగింది. కాసేపాగి, "ఇంకోటి ఇస్తరా?" అని నన్ను అడిగింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు కూసో. గా పిలగాన్ని పిలువు" అన్నది. ఇద్దరం చెరో చాయ చేతిలో పట్టుకుని ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చున్నాం. మా పెళ్లయిన ఇరవై ఏళ్లలో పొద్దున పూట పని లేకుండా మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

మీరూ ఎప్పుడైనా సముద్రానికి పోదామని కాగితం తీసుకుంటే గది అద్దె, రైలు టికెట్ తర్వాత రాయండి. పైన మొదటి వరుసలో మా అత్తమ్మ అడిగిన ప్రశ్నే రాయండి. దానికి మీ ఇంట్లో వచ్చే జవాబును బట్టి ఎన్ని రాత్రులో, ఎంత దూరమో తేల్చుకోవచ్చు.