మాత్ర మర్చిపోయిందెవరు?

మా కోనసీమలో మగాడు మర్చిపోతే పెద్దతనం అంటారు. ఆడది మర్చిపోతే చాదస్తం అంటారు. అదే ఆడది హెచ్‌ఐవీతో బతుకుతుంటే ఆ మరుపుకి పేరు నిర్లక్ష్యం.

రాజోలు దగ్గర నేను అత్తా అని పిలిచే ఒకామె సుమారు 20 ఏళ్ళుగా ఏఆర్‌టీ మందులు వాడుతోంది. జబ్బు భర్త నుంచి వచ్చింది. ఆయన పోయాక కొబ్బరి పీచు తీసి, తాడు పేని పిల్లల్ని పెంచింది. అర్ధరాత్రి లేపినా ఎవరు ఎంత బాకీయో చెప్పగలిగిన మనిషి. ఇప్పుడు పొయ్యి మీద పాలు మర్చిపోతోంది. కోడలికి జబ్బు సంగతి తెలియకూడదని మాత్రల సీసా బియ్యం డబ్బాలో దాస్తుంది. ఎక్కడ దాచిందో మర్చిపోతుంది. "ఏసుకున్నానో లేదో గుర్తుండట్లేదే అమ్మాయీ" అంది నాతో. మందులిచ్చే చోట మిగిలిన మాత్రలు లెక్కపెట్టి ఆమెని కేకలేశారు. నేను పక్కనే ఉన్నాను. ఎందుకు మర్చిపోతున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఈ గొడవ ఎందుకంటారేమో. నేను స్త్రీల ఆత్మకథల మీద పనిచేశాను. ఆడవాళ్ళ జ్ఞాపకాలే మన చరిత్ర అని సభల్లో చెప్పాను. జ్ఞాపకాన్ని దాచుకునే మెదడుకి జబ్బు చేస్తే ఆ చరిత్ర ఏమవుతుందని ఏనాడూ ఆలోచించలేదు.

ఒంట్లో చేరిన కొద్ది వారాల్లోనే ఈ వైరస్ మెదడుకి చేరగలదు. అక్కడ రోగనిరోధక కణాల్లో తిష్ఠ వేస్తుంది. దానివల్ల పుట్టే వాపు నాడీకణాల్ని దెబ్బతీస్తుంది. మందులొచ్చాక తీవ్రమైన డిమెన్షియా బాగా తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ మతిమరుపూ, ఆలోచన నెమ్మదించడమూ మందులు వాడేవాళ్ళలో కూడా కనిపిస్తున్నాయి. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకం వైరస్ మెదడుని అంతగా బాధించదని కొన్నాళ్ళు అనుకున్నారు. దక్షిణ భారతంలోని హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇలాంటి లోపాలున్నాయని బెంగళూరు నిమ్‌హాన్స్ పరిశోధకులు 2007లో చూపించారు.

గుర్తించడానికి ఒక చిన్న పరీక్ష 2005 నుంచీ ఉంది. దానికి చదువు రానక్కర్లేదు. బొటనవేలూ చూపుడువేలూ గబగబా తాటించాలి. చేతిని మూడు రకాలుగా వరసగా మార్చి చూపాలి. నాలుగు మాటలు విని, కాసేపాగి తిరిగి చెప్పాలి. మొత్తం 12 మార్కులు. 10, అంతకన్నా తక్కువ వస్తే ఇంకా లోతుగా చూడాలి. ఇది జబ్బుని తేల్చదు, అనుమానం మాత్రమే చెబుతుంది. ఏళ్ళ తరబడి పీచు తీసి కాయకట్టిన వేళ్ళు నెమ్మదిగా కదిలితే ఆ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. దిగులు, థైరాయిడ్, బి12 లోపం, బీపీ, షుగర్ కూడా చూడాలి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అయిదు నిమిషాలు పట్టని ఈ పరీక్ష మా అత్తకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెయ్యలేదు. కేకలెయ్యడానికి మాత్రం తీరిక దొరికింది!

ఆమె అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మంచిదే. ఆ గుట్టు కాపాడుతూనే ఆమెకి మాత్ర గుర్తుచేసే మనిషిని ఎలా ఏర్పాటు చెయ్యాలో ఎవరు ఆలోచిస్తారు? ఇంట్లో అందరి మందులూ వేళకి అందించే పని ఆడదానిది. ఆమెకి అందించేదెవరు?

ఇక మన సంగతి. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అంతకుముందు ఈ వితంతువుల మీద కథలు రాశాం, వ్యాసాలు రాశాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం. మందులొచ్చాయి, కథ అయిపోయిందనుకున్నాం. వాళ్ళు చావలేదు. బతికి యాభైల్లోకి, అరవైల్లోకి వస్తున్నారు. ముసలితనం వాళ్ళ హక్కు. జ్ఞాపకం కూడా వాళ్ళ హక్కే.

అత్త మర్చిపోవడానికి జబ్బు కారణం కావచ్చు. అత్తని మనం మర్చిపోవడానికి ఏ జబ్బు కారణం?