వంటింటి కబుర్లు: పాలు పడని పిల్లవాడికి చాక్లెట్ బిస్కత్తులు

హోసూరు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. ఆమె మనుమడికి నాలుగేళ్ళు. వాడికి పాలు పడవు. పడవంటే కడుపుబ్బరం, అజీర్తి వంటిది కాదు. చెంచాడు పాలు లోపలికి పోయినా పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయట. డాక్టరు గారు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి సమస్తం మానిపించారు. "పక్కింట్లో పుట్టినరోజుకు పిలుస్తారు. పిల్లలందరి చేతుల్లోనూ చాక్లెట్ కేకు ఉంటుంది. వీడు చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడతాడు. అడగడు కూడాను. వీడికోసం ఇంట్లో ఏదైనా చాక్లెట్ వంటకం చేసే దారి ఉంటే చెప్పండి. మా ఇంట్లో ఓవెన్ లేదు" అన్నారు.

ఓవెన్ అక్కరలేదు. మూకుడు, గరిటె, ఒక పళ్ళెం ఉంటే చాలును. కాని వంటకు ముందు కొన్ని మాటలు చెప్పుకోక తప్పదు. ఎందుకంటే అదే ఉత్తరంలో ఆమె మరొక మాట కూడా వ్రాశారు: ఇంట్లో పెద్దవారు "ఒక్క చుక్క నెయ్యికి ఏమవుతుంది, అలవాటైతే అదే పోతుంది" అంటున్నారట.

పాలు పడకపోవడం రెండు రకాలు. మొదటిది, పాలలోని చక్కెర అరగకపోవడం. దానిని లాక్టోజ్ అంటారు. దానిని అరిగించే లాక్టేజ్ అనే పదార్థం చిన్నతనంలో పేగులలో బాగా ఉండి, పెద్దయ్యేకొద్దీ మనలో చాలామందికి తగ్గిపోతుంది. అటువంటివారికి గ్లాసుడు పాలు త్రాగితే కడుపు ఉబ్బుతుంది, గడగడలాడుతుంది. పెరుగు మాత్రం కొంత సరిపడుతుంది, తోడు పెట్టినప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది గనుక. నెయ్యి చెంచాడు వేసుకుంటే వారికి ప్రమాదం లేదు. రెండవది, పాలలోని మాంసకృత్తులే శరీరానికి గిట్టకపోవడం. దానినే ఎలర్జీ అంటారు. హోసూరు పిల్లవాడిది ఇది. ఇక్కడ చుక్క, చెంచా అనే లెక్క లేదు. నెయ్యి కాచి వడగట్టినా ఆ మాంసకృత్తులు అణుమాత్రం మిగిలే ఉంటాయి. ఆవుపాలు మాని మేకపాలు, గేదెపాలు ఇవ్వమని సలహా చెప్పేవారుంటారు. వాటిలోని మాంసకృత్తులు ఆవుపాల వాటికి దగ్గర చుట్టాలే కాబట్టి అదీ పనికిరాదు. చాలామంది పిల్లలకు వయసుతో ఇది తగ్గిపోతుంది, నిజమే. తగ్గిందో లేదో చూడవలసింది డాక్టరు గారు. వంటింట్లో మనం పరీక్షలు పెట్టకూడదు. పెద్దవారిని నొప్పించకుండా ఈ మాట చెప్పడం కష్టమే. ఈ పేజీ వారికి చదివి వినిపించండి, నా మీద కోపం వస్తే రానీయండి.

మన పిండివంటల్లో పాలూ నెయ్యీ తగలనివి లేకపోలేదు. నువ్వులూ బెల్లమూ దంచి చేసే చిమ్మిలి ఉంది, వేరుశెనగ ఉండలు ఉన్నాయి, కొబ్బరి ఉండలున్నాయి. అవి ఉండగా చాక్లెట్ ఎందుకని కొందరు అడుగుతారు. పిల్లవాడికి కావలసింది తీపి మాత్రమే కాదు గదా! తోటి పిల్లలు తింటున్న నల్లని చాక్లెట్ వాడికి కావాలి. చిమ్మిలి ఎంత మంచిదైనా ఆ కొరత తీర్చదు.

ఈ వంట అమెరికాలో గృహిణులు ఎన్నో ఏళ్ళుగా చేసుకుంటున్నారు. వారు పాలు, వెన్న, చక్కెర, కోకో కలిపి మరిగించి, అందులో వేరుశెనగ ముద్ద, ఓట్లు కలిపి చెంచాతో పళ్ళెంలో పెడతారు. ఆరితే బిస్కత్తు. మనం పాల బదులు కొబ్బరిపాలు, వెన్న బదులు కొబ్బరినూనె వేసుకుంటే సరి. చిత్రమేమిటంటే మన పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతాలలో కోకో చెట్లను కొబ్బరితోటల్లో, ఆ కొబ్బరి నీడనే పెంచుతారు. నేడు దేశంలో కోకో పంటకు ఆంధ్రదేశం పెట్టింది పేరు. కర్ణాటకలోని మనవారికి పుత్తూరు సంగతి తెలిసే ఉంటుంది. క్యాంప్కో సహకార సంఘం 1986లో అక్కడ చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. కోకో కాయ పగలగొట్టి, లోపలి గింజలను గుజ్జుతో సహా కొన్నిరోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరతారు. ఆ ముద్దలోంచి కొవ్వు తీసివేయగా మిగిలినదే కోకో పొడి. ఆ కొవ్వును కోకో వెన్న అంటారు. పేరు చూసి భయపడకండి, దానికి పాలతో సంబంధం లేదు. చెట్టు కాసిన కొవ్వది.

ఇక కొనేటప్పుడు జాగ్రత్త. మనకు కావలసింది చక్కెర కలపని ఉత్త కోకో పొడి. డబ్బా మీద డ్రింకింగ్ చాక్లెట్ అని ఉంటే అందులో చక్కెర ఉంటుంది, కొన్నింటిలో పాలపొడి కూడా ఉంటుంది. పిల్లలకు పాలలో కలిపి ఇచ్చే మాల్టు పొడులలోనూ తరచు పాలపొడి ఉంటుంది. నల్ల చాక్లెట్ బిళ్ళలన్నీ పాలు లేనివే అనుకోవద్దు. పచ్చచుక్క చూసి మోసపోవద్దు. పచ్చచుక్క శాకాహారమని చెబుతుంది గాని, పాలు లేవని చెప్పదు. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ 2020లో చేసిన లేబుల్ నిబంధనల ప్రకారం, పాలు, వేరుశెనగ, సోయా వంటి ఎలర్జీ పదార్థాలు ఉంటే ప్యాకెట్టు మీద వేరుగా వ్రాయాలి. ఆ వాక్యం చిన్న అక్షరాలతో ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకొని వెతకండి. వే పొడి అన్నా, కేసిన్ అన్నా, కేసినేట్ అన్నా పాలే. కాఫీలో వేసుకునే కొన్ని పొడులు పాలవి కావని పేరు పెట్టుకొని కూడా కేసినేట్ మోసుకొస్తాయి.

అన్నీ సమకూర్చుకున్నాక, ముందు మూకుడు, గరిటె, పళ్ళెం సబ్బుతో కడిగి ఆరబెట్టండి. నెయ్యి డబ్బాలో పెట్టిన చెంచాను పొరపాటున కూడా ఇందులోకి రానీయవద్దు.

కావలసినవి: చక్కెర 200 గ్రాములు, అంటే మామూలు కప్పుతో ఒక కప్పు. చిక్కని కొబ్బరిపాలు పావు కప్పు. కొబ్బరినూనె 3 పెద్ద చెంచాలు. వంటకు వాడే నూనె సుమా, తలకు రాసుకునేది కాదు. కోకో పొడి 2 పెద్ద చెంచాలు నిండుగా. వేరుశెనగ ముద్ద పావు కప్పు. ఓట్లు ఒకటిన్నర కప్పు. ఉప్పు చిటికెడు.

వేరుశెనగ ముద్ద కొనవలసిన పని లేదు. గుళ్ళు దోరగా వేయించి, పొట్టు ఊది, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ముందు పొడి అవుతుంది, తరువాత అంచులకు అంటుకుంటుంది. చెంచాతో దింపుతూ తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది. మీరు వాటిని చెనిక్కాయలనండి, పల్లీలనండి, బుడ్డలనండి, మిక్సీకి అన్నీ ఒకటే. కాని వేరుశెనగ కూడా పడని పిల్లలున్నారు. వారికి దాని బదులు వేయించిన నువ్వులు నూరి వేయవచ్చు, నువ్వులు పడతాయని ముందుగా తెలిస్తేనే. ఓట్లు దొరకనిచోట పల్చని అటుకులు కరకరలాడేలా పొడిగా వేయించి, చేత్తో నలిపి వేసుకోవచ్చు. నా మట్టుకు నాకు అటుకులతోనే రుచి ఎక్కువనిపిస్తుంది.

చక్కెర, కోకో ముందు పొడిగానే కలపండి. అలా చేస్తే కోకో ఉండలు కట్టదు. కొబ్బరిపాలు, నూనె పోసి సన్నని సెగ మీద కలుపుతూ చక్కెర కరగనీయండి. తరువాత సెగ కొంచెం పెంచండి. ముందు అంచుల వెంట బుడగలు వస్తాయి. అది లెక్క కాదు. మధ్యలోనుంచి కూడా తెర్లి పొంగుతున్నప్పుడు గడియారం చూసి సరిగ్గా ఒక నిమిషం మరగనిచ్చి దించండి.

ఈ వంటకు ప్రాణమంతా ఆ ఒక్క నిమిషంలో ఉన్నది. తక్కువైతే బిస్కత్తు గట్టిపడదు, చెంచాతో తినవలసివస్తుంది. ఎక్కువైతే పొడి పొడిగా రాలిపోతుంది. మూకుడు మందం, సెగ, ఊరి గాలి తేమ ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు కాబట్టి గడియారం కన్న పాకమే నమ్మదగినది. అరిసెలకు పాకం చూసే చేతికి ఇది నేర్పవలసిన పని కాదు. చిన్న గిన్నెలో చల్లని నీళ్ళు పెట్టుకొని ఒక చుక్క వేయండి. నీళ్ళలో చెదిరి కరిగిపోతే పాకం లేత. వేలితో దగ్గరకు తీస్తే మెత్తగా కూడితే సరి. ఉండ గట్టిగా నిలిచి గిన్నెకు తగిలి టక్కుమంటే ముదిరింది. థర్మామీటరు ఉన్నవారికి సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడు.

దించిన వెంటనే ఉప్పు, వేరుశెనగ ముద్ద కలిపి, ఓట్లు పోసి గబగబ తిప్పండి. పళ్ళెంలో నూనెకాగితం గాని, కొబ్బరినూనె రాసిన అరటాకు గాని పరచి, చెంచాడేసి పెట్టి పైన కొంచెం అదమండి. సుమారు 18 బిస్కత్తులు వస్తాయి. పాకం పని జరుగుతున్నప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. పాకం కాలితే నీళ్ళ కన్న ఘోరం, చర్మానికి అంటుకుపోతుంది. గోరువెచ్చబడిన తరువాత అదిమే పని మాత్రం వారికే అప్పగించండి.

ఆరడం ఊరిని బట్టి ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. బెంగుళూరు, హోసూరులలో చలికాలపు ఉదయాన నూనె సీసాలోనే గడ్డకట్టడం మీరు చూస్తూనే ఉంటారు. అక్కడ వంటింటి అరుగు మీద అరగంట పెడితే చాలు. మద్రాసులో, యానాంలో, బరంపురంలో వేసవినాడు బయట పెడితే సాయంత్రం దాకా మెత్తగానే ఉంటాయి. ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి, తినేముందు తీయండి. స్కూలు డబ్బాలో పెట్టాలంటే వేసవిలో నూనె ఒక చెంచా తగ్గించి, ఓట్లు ఒక గుప్పెడు పెంచండి. వానకాలంలో పాకం మరొక పావు నిమిషం మరగవచ్చు.

మరొక లెక్క. ఒక్కొక్క బిస్కత్తులో 11 గ్రాముల చక్కెర పడుతుంది, అంటే చిన్న చెంచాతో రెండు, రెండున్నర. ఇది పండుగకు, పుట్టినరోజుకు వంట గాని, రోజూ పొద్దున పాలకు బదులు కాదు. పాలు మానిన పిల్లవాడికి కాల్షియం లోటు రాకుండా డాక్టరు గారిని అడిగి చూసుకోవాలి. మన రాగులు ఇక్కడ ఆదుకుంటాయి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కమ్మని వాసన వచ్చేదాకా బాగా వేయించిన రాగిపిండి రెండు పెద్ద చెంచాలు ఓట్లతోపాటు ఇందులోనూ కలపవచ్చు. పచ్చిపిండి మాత్రం వద్దు, పాకం వేడికి అది ఉడకదు.

హోసూరు సోదరికి ఒక చిన్న సలహా. పక్కింట్లో పుట్టినరోజు అని తెలిసినప్పుడు ముందురోజే ఆ తల్లితో మాట్లాడండి. మీ మనుమడికి ఒక్కడికే రెండు బిస్కత్తులు పొట్లం కట్టి పంపకుండా, పిల్లలందరికీ సరిపడా ఒక పళ్ళెం చేసి పంపండి. వాడి పళ్ళెంలో ఉన్నదే అందరి పళ్ళెంలోనూ ఉండాలి. కేకు కోసిన కత్తి, చెంచా ఆ పళ్ళెంలో పడకుండా చూడమని మాత్రం చెప్పండి. డాక్టరు గారిచ్చిన మందు వాడివెంట ఉండాలి.

మరి రెండు ఉత్తరాలు. షోలాపూర్ సోదరి చక్కెర బదులు బెల్లం వేయవచ్చునా అని ఇంకొక తీపి గురించి అడిగారు. అదే ప్రశ్న దీనికీ వస్తుంది గనుక చెబుతున్నాను. వేయవచ్చు. తరిగిన బెల్లం కప్పుడు, ముందు రెండు చెంచాల నీళ్ళలో కరిగించి వడగట్టండి. రుచి బాగుంటుంది, కాని బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండవ రోజుకే జిగురుపడుతుంది. చేసిన రోజే తినేయండి. బరంపురం నుంచి ఒకరు మిగిలిన కొబ్బరిపాలు ఎంతసేపు నిలవ ఉంటాయని అడిగారు. ఫ్రిజ్‌లో మూతపెట్టి ఒక్క రోజు. మరునాటికి కూరలో పోసేయండి. ఈ వంటకు మాత్రం అప్పటికప్పుడు తీసినవే వాడండి. కాయ ముదురుదై ఉండాలి, తురుములో వేడినీళ్ళు పావు గ్లాసుకు మించి పోయకూడదు. పల్చని పాలు పోస్తే పాకం దగ్గరపడేసరికి కోకో అడుగంటుతుంది.