ఆచారానికి కొలమానం ఏది?

మొహర్రం మాసం సమీపిస్తే తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసర పల్లెల ముస్లిం కుటుంబాల్లో పాత వాదమే మళ్ళీ తలెత్తుతుంది. పీర్లను నిలపడం తాతముత్తాతల నాటి ఆచారమని పెద్దలంటారు. షరీఅత్‌లో దానికి తావు లేదని యువకులంటారు. గుండం చుట్టూ హిందూ సోదరులు కూడా చేరే ఊళ్ళలో ఈ వాదం అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా చేస్తున్నది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఆచారాన్ని గుడ్డిగా తోసిపుచ్చలేదు. ఖురాన్‌కు, హదీసులకు విరుద్ధం కానంతవరకు 'ఉర్ఫ్' పేరుతో ఫుఖహాలు దానిని గౌరవించారు. ఉస్మానియా సామ్రాజ్యపు న్యాయస్మృతి 'మజల్లా' సైతం ఆచారాన్ని తీర్పుకు ఆధారంగా అంగీకరించింది. విరుద్ధమైన దానిని మాత్రం ఎంత పాతదైనా నిలుపుకోరాదు. పీర్లకు మొక్కులు చెల్లించడాన్ని ఉలమాలో అధికులు ఆమోదించరు. ఆ మాట ఆప్యాయంగా నచ్చజెప్పవలసినదే తప్ప ఆషూర్‌ఖానాకు తాళం వేసి చెప్పవలసినది కాదు.

అయితే ఇదే కొలమానం మన పెళ్ళిపందిళ్ళకు ఎందుకు వర్తించదని మేము అడుగుతున్నాము. కట్నానికి షరీఅత్‌లో ఏ ఆధారమూ లేదు. నిసా సూరాలోని 4వ ఆయతు స్త్రీలకు మెహర్‌ను సంతోషంగా ఇవ్వమంటున్నది. 7వ ఆయతు తల్లిదండ్రుల ఆస్తిలో వారికీ వాటా ఉన్నదంటున్నది. స్థానిక ఆచారాలు స్త్రీలకు దక్కనీయని ఇటువంటి హక్కులను నిలబెట్టడం 1937 షరియత్ చట్టపు ముఖ్యోద్దేశాలలో ఒకటి. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా మెహర్‌ను కట్నంగా లెక్కించలేదు. ఇంత స్పష్టత ఉన్నా ఎన్నో ఇళ్ళలో కట్నం నికాహ్‌కు ముందే చేతులు మారుతున్నది, మెహర్ నికాహ్‌నామా కాగితంపైనే మిగిలిపోతున్నది. తండ్రి పోయాక వాటా అడిగిన ఆడబిడ్డకు "నీ పెళ్ళికి పెట్టాము కదా" అన్న జవాబే దక్కుతున్నది. పీర్ల విషయంలో గొంతెత్తేవారిలో ఎందరు ఇక్కడ నోరు విప్పుతున్నారు?

ఈ మూడు పట్టణాల మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒక్కటే. జుమా ప్రసంగంలో కట్నం గురించి నిర్మొహమాటంగా మాట్లాడించండి. మెహర్ నికాహ్ మజ్లిస్‌లోనే వధువుకు అందేలా చూడండి. ఆస్తి పంపకాల్లో ఆడబిడ్డల పక్షాన నిలవండి. మన ఇంటి ఆచారాన్ని మనమే షరీఅత్ త్రాసులో తూచిన నాడు, పొరుగువాని ఆచారం గురించి మనం చెప్పే మాటకు విలువ వస్తుంది.