ఎదుట కూర్చుండువారు

గత సంక్రాంతి సెలవుల పిమ్మట పాఠశాల తెరచిన వారములో, పై తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, తాను మోడల్ ఫోటోగ్రాఫరు కావలెనని నిశ్చయించుకొంటిననియు, ఏ కెమెరా కొనిన బాగుండునో చెప్పవలసినదనియు నడిగెను. ఎవరి చిత్రములు తీయుదువని మేము ప్రశ్నించితిమి. "అదే గదా సార్ కష్టం. మన బుచ్చిరెడ్డిపాలెంలో మోడల్స్ ఎవరుండారు?" అని యతడు నిట్టూర్చెను. ఆ నిట్టూర్పునకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. కెమెరా సంగతి మధ్యలో ఎక్కడనో వచ్చును. అంతకంటె ముందు రాదగినది కాదు.

కనిగిరి జలాశయము క్రింది మళ్లలో నాట్లు వేయు స్త్రీలు, ధాన్యపు మిల్లుల కళ్లములలో తవుడు దుమ్ముతో కనుబొమలు తెల్లబడిన కూలీలు, జొన్నవాడ ఉత్సవములకు బండ్లు కట్టుకొని వచ్చు ముసలివారు, నెల్లూరు బస్సు కొరకు తెల్లవారుజామున నిలుచుండు గుమాస్తాలు — వీరందరును గల యూరిలో ముఖములకు కరవని యనుట మాకు వింతగా తోచినది. సినిమా తారలను, పత్రికల అట్టమీది యువతులను మాత్రమే మోడళ్లనుకొనుట నేటి బాలురకు పట్టిన భ్రమ. కెమెరాకు ఎదురుగా, తన యిష్టముతో, కొంతసేపు కూర్చుండుట కొప్పుకొనిన ప్రతివ్యక్తియు మోడలే.

జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆంగ్లస్త్రీ 1815లో కలకత్తాలో జన్మించినది. 1863లో, నలువది యెనిమిదేండ్ల ప్రాయమున, కుమార్తెయు అల్లుడును కానుకగా నిచ్చిన కెమెరాతో ఆమె పని మొదలిడెను. బొగ్గుల గదిని చీకటిగదిగను, కోళ్ల గూటిని చిత్రశాలగను మార్చుకొనెను. గొప్ప కవులును, శాస్త్రజ్ఞులును ఆమె యెదుట కూర్చుండిన మాట నిజమే గాని, ఆమెకు మాటిమాటికి మోడలైనది ఇంటి పనికత్తె మేరీ హిల్లియర్. ఇరుగుపొరుగు పిల్లలు దేవదూతలైరి. అప్పటి పలకలకు వెలుగు పట్టుటకు నిమిషములకొలది సమయము కావలసియుండెను. అంతసేపు కదలక కూర్చుండిన పనికత్తె ఓర్పు లేనిదే ఆ కీర్తి లేదు.

మన ప్రాంతముననే చూడుడు. సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పి ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు 1844లో మీరటు చెంతనున్న సర్ధానాలో పుట్టెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖయందు పటములు గీయు ఉద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున కెమెరా చేతబట్టెను. ఉద్యోగము మానుటకు ముందు పదేండ్లు గడచినవి. "ఇన్‌స్టాగ్రాములో ఆరు నెలలైనది, ఇంకను పేరు రాలేదు" అని వాపోవు మా విద్యార్థులు ఈ పదేండ్లను గుర్తుంచుకొనవలెను. ఆయన జీవితములో మాకు మిక్కిలి నచ్చినది బిరుదులు గావు. 1892లో ఆయన హైదరాబాదున పరదా స్త్రీల కొరకై ప్రత్యేకముగ జెనానా చిత్రశాల నొకటి నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతిలో పెట్టెను. అన్యపురుషుని యెదుటికి రాని స్త్రీలను రమ్మని బలవంతపెట్టలేదు. వారు రాదగిన చోటును కల్పించెను. ఎదుటివారి సంకోచమును అడ్డంకిగా గాక పనిలోని యొక భాగముగా నెంచుటయే ఈ విద్యలో ఎదుగుట యని మా యభిప్రాయము.

ఇట్లు చెప్పుటకు మాకేమి యర్హత యని అడుగవచ్చును. అర్హత లేదు, ఒక తప్పు మాత్రము కలదు. మేము ఉపాధ్యాయ శిక్షణలో నున్న కాలమున, అనగా ఫిలిము చుట్టలో ముప్పదియారు చిత్రములు మాత్రమే పట్టు దినములలో, మిత్రుని కెమెరా ఎరవు తెచ్చుకొని మైపాడు సముద్రతీరమునకు పోతిమి. ఇసుకమీద ఎండుచేపలు ఏరుచున్న వృద్ధురా లొకతె మా కోరికపై తలయెత్తి చూచెను. "నాకూ ఒకటి ఇస్తావా నాయనా?" అని యడిగెను. తప్పక తెచ్చి యిచ్చెదమంటిమి. చిత్రము చక్కగా వచ్చినది. మా సహాధ్యాయులు మెచ్చిరి. దానిని పెద్దదిగా ముద్రింపించి గోడకు తగిలించితిమి. మైపాడునకు మాత్రము పోలేదు. పరీక్షలనియు, ఉద్యోగమనియు మూడేండ్లు గడచినవి. ఆ పిమ్మట పోయి యడుగగా ఆమె గతించినదని తెలిసెను. కుమారుడు మమ్ము పరికించి చూచి, "అమ్మ బొమ్మ పట్టుకొని పోయినారంట, మీరేనా?" అనెను. ఆ యింట ఆమె రూపము రేషను కార్డుమీది కుటుంబపు చిత్రములో గోరంత మాత్రమే యున్నది. మేము తిరిగివచ్చి వెదుకగా నెగెటివు వానకాలపు చెమ్మకు బూజుపట్టి యుండెను. గోడమీది ప్రతి ఇల్లు మారునపుడు ఎక్కడనో పోయినది. ఆ కుమారునకు నేటికిని మేమేమియు ఇయ్యలేకపోతిమి.

ఇట్టి యప్పు మాదొక్కరిదే కాదు. డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాయందలి బఠాణీ కూలీల గుడారముల యొద్ద, బిడ్డలతో దిగులుగా కూర్చున్న యొక తల్లిని చిత్రించినది. లోకమంతయు ఎరిగిన చిత్రమది. అయినను ఆమె ఆ తల్లి పేరడుగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అను ఆ పేరు 1978లో గాని బయటపడలేదు. తన మొగము వలన తనకేమియు దక్కలేదని అప్పు డామె బాధపడినది. ఆ చిత్రము కూలీలకు మేలు చేసినదని వాదించువారు కలరు. మేమును కాదనము. పేరడుగుటకు అర నిమిషము చాలునుగదా!

మన దేశపు చట్టమును ఈ విషయమున ఫోటోగ్రాఫరునే పెద్దవానిని చేసినది. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, తన యిచ్చతో తాను తీసిన చిత్రమునకు సాధారణముగా తీసినవాడే హక్కుదారుడు. డబ్బిచ్చి తీయించుకొనినచో, వేరు ఒప్పందము లేనియెడల, తీయించుకొనినవారిది హక్కు. ఊరక కూర్చుండిన కూలిమనిషికి ఆ చిత్రముపై కాపీరైటు లేదు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది గాని, కళ్లములో చేట పట్టిన స్త్రీ కోర్టునకు పోవునా? కనుక చట్టము విడిచిన చోటును మర్యాదతో నింపవలెను. నగరములలో క్రొత్త ఫోటోగ్రాఫరులును క్రొత్త మోడళ్లును ఒకరికొకరు డబ్బియ్యక, ఒకరు కాలమును, ఒకరు చిత్రములను ఇచ్చి పుచ్చుకొను పద్ధతి యొకటి కలదు. చాల న్యాయమైన పద్ధతి. ఈ చిత్రమును ఎక్కడెక్కడ చూపుదుమో తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రయో తీసికొనవలెను. పదునెనిమిదేండ్లు నిండని వారైనచో తలిదండ్రుల యొద్ద తీసికొనవలెను. వద్దన్నచో కెమెరా మూసికొని నమస్కరించి రావలెను.

ఇక పనిముట్ల మాట. తొలి సంవత్సరమునకు ఇంటనున్న సెల్‌ఫోను చాలును. దాని మామూలు కటకము విశాలమైన దృశ్యమును పట్టుటకు చేయబడినది. ముఖమునకు దగ్గరగా పెట్టినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ఇందు కటకముయొక్క తప్పు లేదు, దగ్గరతనమే తప్పు. ఆరడుగులు వెనుకకు జరిగి, ఫోనులో దూరపు కటకము వేరుగ నున్నచో దానిని వాడవలెను. పెద్ద కెమెరా కొనగలిగిన నాడు 50 మిల్లీమీటర్ల కటక మొకటి చాలును. ముఖచిత్రములకు 85 మిల్లీమీటర్ల దానిని పలువురు మెచ్చుట కూడ, కొంత యెడముగా నిలుచుండనిచ్చును గనుకనే. మన జిల్లా మధ్యాహ్నపుటెండలో మనిషిని నిలువబెట్టినచో కన్నులు గుంటలగును, మొగము చిట్లును. వసారా నీడలో వెలుపలి వైపునకు మొగము పెట్టి కూర్చుండబెట్టి, చీకటి పడిన ప్రక్కన తెల్లని దుప్పటి యొకటి పట్టించినచో చాలును. ధాన్యము ఎండబోయు సిమెంటు కళ్లమైనచో దుప్పటియు అక్కరలేదు. నేలనుండి లేచు వెలుగే గడ్డము క్రింది నీడను తుడుచును. చేతులెక్కడ పెట్టుకొనవలెనో ఎవరికిని తెలియదు గనుక వారి పనిముట్టు వారి చేతికే ఇచ్చి, మాటలలో పెట్టవలెను. తొలి పది చిత్రములు బిగుసుకొనియే వచ్చును. వానిని వారికే చూపి నవ్వించినచో పదునొకండవది వచ్చును.

ఇంకొక్కటి. ముఖమును తెల్లగ చేయునని పేరుపడిన లేపన మొకటి తన పేరులోని "ఫెయిర్" అను మాటను 2020లో తీసివేసినది. మన పెండ్లి ఆల్బములకు మాత్రము ఆ వార్త ఇంకను అందినట్లు లేదు. నల్లని పెండ్లికూతురు ఆల్బములో పాలవలె తెల్లనై, మెడ యొక రంగు, మొగ మొక రంగుగా వెలువడుచున్నది. ఇది ఆమెను గౌరవించుట యని మేము ఒప్పుకొనము. మా విద్యార్థులలో ఎవడైనను ఈ వృత్తిలో దిగినచో ఆ మీటను ముట్టకుండునని ఆశ.

ఆ బాలుడు ఇంకను కెమెరా కొనలేదు. తండ్రి ఫోనుతో, మిల్లులో పనిచేయు ఒక పెద్దమ్మను, పేరడిగి, అనుమతి యడిగి, చేట చేతబట్టించి తీసెను. దుమ్ము పట్టిన రెప్పలు కూడ స్పష్టముగ వచ్చినవి. మేము పట్టుబట్టి నెల్లూరులో ముద్రింపించి, అతనిచేతనే ఇప్పించితిమి. ఆమె చాలసేపు చూచి, "బాగానే ఉండాది గానీ అబ్బయా, ఇంకోటి తియ్యి, ఈసారి మంచి చీర కట్టుకొనొస్తా" అన్నదట. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి ఆ రెండవ చిత్రము ఇంకను తీయబడలేదు. చీర చాకలి యొద్ద నున్నదట.