చిగురు చెప్పే కబురు



మన తెలుగులో ‘చిగురు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మర్రికొమ్మ చివర లేతగా వచ్చేదీ చిగురే, మీ పంటి మొదలును పట్టుకొని ఉండేదీ చిగురే. కొమ్మకు చిగురు వేస్తే చెట్టు బాగున్నదని సంతోషిస్తాము. పంటి చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే నెత్తురు కారితే మాత్రం సంతోషించవలసిన పని లేదు. అది మనకు ఒక కబురు చెబుతున్నది. ఈ నెల ఆ కబురేమిటో తెలుసుకుందాము.

మా ముడిమ్యాల చేవెళ్ల మండలంలోని ఊరు. ఇక్కడే కాదు, ఏ ఊరికి పోయినా రెండు మాటలు వినబడతాయి. ఒకటి పిల్లల మాట: “పళ్లు తోముకుంటే నెత్తురు వస్తున్నది, అందుకని అక్కడ తోమడం మానేశాను.” రెండవది తాతల మాట: “నా పన్ను పుచ్చనూ లేదు, విరగనూ లేదు. అయినా కదిలి కదిలి ఊడిపోయింది. ముసలితనం కదా!” ఈ రెండు మాటలకూ సంబంధం లేదనుకుంటారు కాబోలు. ఒకే బాటకు మొదటి మైలురాయి పిల్లల మాట, చివరి మైలురాయి తాతల మాట. ఆ బాట ఎలా పోతుందో చూడండి.

పొద్దున్నే నోరు కడుక్కోక ముందు, గోటితో పంటి మొదట మెల్లగా గీకి చూడండి. తెల్లగా, మెత్తగా, జిగురుగా ఏదో వస్తుంది. దానినే పాచి అంటారు. అది రాత్రి తిన్న అన్నం మిగులు అనుకునేరు! హాలెండు దేశంలో, డెల్ఫ్ట్ అనే పట్టణంలో, లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడుండేవాడు. తన చేతులతో కటకాలు అరగదీసి సూక్ష్మదర్శినులు చేసుకోవడం ఆయనకు సరదా. ఆయన ఒకనాడు తన పళ్ల పాచిని వాననీటిలో కలిపి చూశాడు. అందులో చిన్న చిన్న జీవులు చేపల్లాగా ఈదుతున్నాయి, బొంగరాల్లాగా తిరుగుతున్నాయి! 1683లో ఆయన ఈ వింతను లండనులోని రాయల్ సొసైటీకి జాబు రాసి తెలిపాడు. పాచి అంటే సూక్ష్మజీవులు కట్టుకున్న పేట అన్నమాట.

ఈ జీవులు పంటికీ చిగురుకూ నడుమ ఉన్న సన్నని సందులో చేరి కాపురం పెడతాయి. అవి విడిచే విషపదార్థాలు చిగురుకు తగులుతాయి. వెంటనే మన శరీరం రక్తంలోని తెల్లకణాలను సైనికులుగా అక్కడికి పంపుతుంది. వారు రావడానికి వీలుగా చిగురులోని సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే చిగురు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, కాస్త రాసుకుంటే చాలు నెత్తురు చిందుతుంది. ఇందులో విచిత్రమేమంటే, నొప్పి ఉండదు! నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకుంటాము. (కొందరి చిగుళ్లు పుట్టుకతోనే నల్లని చాయలో ఉంటాయి. అది జబ్బు కాదు.)

“నెత్తురు వచ్చేది బ్రష్షు వల్లనా, పాచి వల్లనా?” అని మీలో తెలివైన వారు అడగవచ్చు. దీనికి జవాబు 1965లో దొరికింది. డెన్మార్కు దేశంలో హారాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు కలిసి ఒక పరీక్ష చేశారు. మంచి చిగుళ్లు ఉన్న 12 మందిని పళ్లు తోముకోవద్దన్నారు. 10 రోజుల నుంచి 21 రోజుల లోపల పన్నెండుగురికీ చిగుళ్లు వాచాయి. ఆ తరువాత వారిని మళ్లీ శుభ్రంగా తోముకోమన్నారు. సుమారు ఒక వారంలో చిగుళ్లు మునుపటిలాగే అయ్యాయి. మందు లేదు, సూది లేదు! ఈ పరీక్షలో మొదటి సగం మీరు చేయనక్కరలేదు. దానిని ఆ పన్నెండుగురూ మన కోసం చేసి పెట్టారు.

కనుక ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి: నెత్తురు వచ్చేచోట తోమడం మానితే పాచి పెరుగుతుంది, నెత్తురూ పెరుగుతుంది. అక్కడే మరింత మెల్లగా, మరింత శ్రద్ధగా తోమాలి.

మరి తోమకపోతే ఏమవుతుంది? లాలాజలంలోని సున్నపు లవణాలు పాచిలోకి దిగి, కొన్నాళ్లకు అది రాయిలాగా గట్టిపడుతుంది. దానిని గార అంటారు. గార మీద కొత్త పాచి ఇంకా సులభంగా పేరుకుంటుంది. చిగురు వాపు అందరిలోనూ ముదరదు గాని, ముదిరిన వారిలో చిగురు పంటి నుంచి విడిపోయి లోతైన సంచిలాగా అవుతుంది. ఆ సంచి అడుగున, పన్నును పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. దీనినే మన పెద్దలు పయోరియా అంటారు.

మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు వచ్చే బీజాపూరు రోడ్డు మర్రిచెట్లకు పేరుపడ్డది. అటువంటి పెద్ద మానును ఊహించుకోండి. మానులో తొర్ర లేదు, ఆకు వాడలేదు. కాని ఏటేటా వాన నీరు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని కోసుకొని పోతున్నది. ఒకనాడు గాలి వీస్తే ఏమవుతుంది? తాతగారి పన్ను కూడా అంతే. పన్ను చెడలేదు, దాని కింద నేల పోయింది. కరిగిన ఎముక తిరిగి మునుపటిలాగా పెరగడం బహు కష్టం. అప్పుడు జొన్నరొట్టె కొరకలేక, పాలలో నానబెట్టుకొని తినవలసి వస్తుంది. దానికి ముసలితనం ఒక్కటే కారణం కాదు.

ఈ జబ్బు కొత్తది కూడా కాదు. సుశ్రుతసంహితలోనే పంటి మొదళ్లకు వచ్చే రోగాలను 15గా లెక్కపెట్టి చెప్పారు.

ఇక చికిత్స. పాచి మెత్తనిది, కాబట్టి దానిని మనమే తీయగలము. గార రాయి వంటిది. దానిని దంతవైద్యుడే తీయాలి. ఉప్పునీటితో పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది గాని గార ఊడిరాదు. వైద్యులు చేసే పనిని స్కేలింగు అంటారు. “దానివల్ల పళ్లు కదులుతాయి” అని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. సందులలో నిండిన గార పోతే అక్కడ ఖాళీ కనిపిస్తుంది, అంతే. జబ్బు లోతుకు పోయి ఉంటే వైద్యులు సన్నని గుర్తుల కడ్డీతో చిగురు సంచి లోతు కొలుస్తారు. ఆరోగ్యమైన చోట అది 3 మిల్లీమీటర్లు మించదు. లోతు ఎక్కువగా ఉంటే పంటి వేరు దాకా శుభ్రం చేస్తారు. ఒక్కొక్కప్పుడు చిన్న శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. ఇటు వికారాబాదులో కూడా ఒక దంతవైద్య కళాశాల ఉన్నది.

పళ్లు తోమే పద్ధతి ఇది. మెత్తని కుచ్చు గల బ్రష్షు తీసుకోండి. దానిని పన్నూ చిగురూ కలిసేచోట 45 డిగ్రీల ఏటవాలుగా ఆనించి, కొంచెం కొంచెంగా కదపండి. బయటి వైపు, లోపలి వైపు, వెనుక దవడపళ్లు ఒక్కటీ విడవకండి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు తోమాలి. మర్రి ఊడతోనో వేపపుల్లతోనో తోముకునే అవ్వలూ తాతలూ మీ ఇంట్లో ఉంటే వారిని వెక్కిరించకండి. చివర బాగా నమిలి, కుచ్చులాగా చేసి మెల్లగా తోమితే పండ్లపుల్ల కూడా పాచిని తీస్తుంది. అయితే లోపలి వైపుకూ సందులకూ అది సరిగా అందదు. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక మాత్రం వద్దు. అవి పంటిని అరగదీస్తాయి, చిగురును గీరుతాయి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. బీడీ, సిగరెట్టు, గుట్కా, పొగాకు చిగుళ్లకు శత్రువులు. పొగ తాగేవారికి జబ్బు లోపల ముదురుతున్నా నెత్తురు అంతగా రాదు. కబురు తెచ్చేవాడి నోరు నొక్కినట్లే! షుగరు జబ్బు ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. గర్భిణులకు చిగుళ్లు సులభంగా వాస్తాయి, కాబట్టి వారు తోమడం మానరాదు.

ఇప్పుడు మీకు ఇంటిపని. ఒక కాగితం మీద 14 గళ్లు గీయండి. రోజూ పైన చెప్పినట్లు తోముకొని, నెత్తురు వస్తే ఎర్ర చుక్క, రాకపోతే పచ్చ చుక్క పెట్టండి. మొదట ఎర్ర చుక్కలుండి రానురాను పచ్చవైతే మీ చిగురు కోలుకున్నట్లే. పద్నాలుగో రోజున కూడా ఎర్ర చుక్కే పడితే ఆ కాగితం అమ్మకో నాయనకో చూపి దంతవైద్యుని వద్దకు పదండి. జ్వరం ఉన్నప్పుడు గాని, ముక్కు నుంచి గాని, ఒంటి మీద కమిలిన మచ్చలతో గాని నెత్తురు కనిపిస్తే 14 రోజులు ఆగకుండా ఆనాడే వైద్యునికి చూపాలి.

పక్కన తాతగారి పేర కూడా ఒక కాగితం అంటించండి. ఆయనకు మిగిలిన పళ్లు ఎన్ని ఉన్నా, అవి నిలుపుకోదగినవే.